ఐలీ హార్జు చేతులు జేబులో పెట్టుకున్న పూట

ఐలీ హార్జు ఒకచోట కుదురుగా కూర్చోగా చూసినవాళ్లు బాల్సమ్ కాగితం మిల్లులో ఎవరూ లేరు. కాఫీ నిలబడే తాగేది. మధ్యాహ్నం మాంసం కూరిన పాస్టీ రొట్టె తింటే ఒక చేత్తో పొట్లం పట్టుకుని, రెండో చేత్తో ఏదో ఒక టెర్మినల్ వెనక మర బిగిస్తూ తినేది. చర్చిలో నడవ పక్కనే కూర్చునేది. పాస్టరు ప్రసంగం ఇంకా పాపం దగ్గరే ఉండగా ఆమె బయట మెట్ల మీద మంచు తోస్తూ ఉండేదని ఊళ్లో చెప్పుకునేవారు.

మిషిగన్ పైభాగంలోని ఆ అడవి ఊళ్లకి ఒక గట్టి నమ్మకం ఉంది. మనిషన్నాక వేళ్లూనుకోవాలి. గనులు మూతపడ్డా, బడి మూతపడ్డా, తాత కట్టిన ఆవిరి స్నానాల గది కూలిపోయేదాకా అక్కడే ఉండాలి. ఉండిపోవడమే ఒక గుణం. ఐలీకి ఈ మాట వింటే ఒళ్లు మండేది.

"వేళ్లూనుకునేవి చెట్లు. వాటినే కదా మనం కొట్టి, లారీకెక్కించి, ఇక్కడ గుజ్జు చేసేది?" అనేది.

ఆమె తండ్రి రాగి గనిలో పనిచేశాడు. గని మూసేశాక బతికినన్నాళ్లూ కిటికీ దగ్గర కూర్చుని ఆ కొండవైపే చూస్తూ గడిపాడు. ఐలీ ఆ కుర్చీని చూసి పెరిగింది. కాలవ అవతలి కాలేజీలో విద్యుత్తు చదివి, చేతికి పట్టా రాగానే బస్సెక్కింది. మిల్వాకీలో టెలిఫోన్ల పని, డులూత్‌లో ధాన్యం గోదాములు, గ్రీన్ బేలో ఒక ఆసుపత్రి. ఎక్కడైనా పని గాడిలో పడేదాకా ప్రాణం పెట్టేది. గాడిలో పడగానే ఆమె అరికాళ్లు దురదపెట్టేవి. మధ్యలో ఒక సర్వేయరుని పెళ్లి కూడా చేసుకుంది. ఆయనకీ కాలు నిలవదు. పాపం, ఇద్దరి కాళ్లూ చెరో దిక్కుకి లాగాయి.

బాల్సమ్ మిల్లుకి ఆమె వచ్చింది ఒక్క చలికాలానికని. అప్పుడే మిల్లువాళ్లు ఒక కంప్యూటరు కొన్నారు. ఒకటే యంత్రం, దాని మీద ఒకేసారి మిల్లంతా పనిచేయాలి. లారీలు తూచే కాటా గదిలో ఒక టెర్మినల్, జీతాల గదిలో రెండు, గుజ్జు తొట్ల దగ్గర ఒకటి, మరమ్మతుల షెడ్డులో ఒకటి. టెర్మినల్ అంటే ఒక తెర, ఒక కీబోర్డు, వెనక ఒక పొడవాటి తీగ. ఆ తీగలన్నీ కాటా గది వెనకున్న చిన్న గదికి వచ్చి, యంత్రం వీపున తోకల్లా వేలాడేవి.

చలికాలం కాస్తా ఏళ్లయిందంటే కారణం ఆ తోకలే. ప్రతి టెర్మినల్‌కీ ఒక కొత్త పేచీ ఉండేది, పేచీ ఉన్నంతకాలం ఐలీకి ఊపిరాడేది. షెడ్డు తీగ పెద్ద మోటార్ల పక్కనుంచి పోతుంది కాబట్టి అక్షరాలు చెదిరేవి. దాని వేగం తగ్గించి కుదిర్చింది. జీతాల గదిలో ముసలి బెర్నీస్‌కి ఆకుపచ్చ తెర తలనొప్పి తెస్తే, పసుపు తెర తెప్పించి, యంత్రానికి ఆ తెర జాతి ఏమిటో చెప్పింది. గుజ్జు తొట్ల దగ్గర మనిషి కుడిచేతి రెండు వేళ్లు రంపం తినేసింది. తప్పు చెరిపే మీట అతనికి అందదు. అతని లైన్‌కి మాత్రం ఎడమచేతి కింద మీటతో చెరిగేలా మార్చింది. కొలతలు తీసి చెప్పులు కుట్టినట్టు కుట్టింది ఆ మిల్లుకి.

అన్నిటికీ పెద్ద కన్సోల్. చూడటానికి అదీ ఇంకో టెర్మినలే. కానీ యంత్రం తన బాధ చెప్పుకునేది దానితోనే. యజమాని పేరుతో, అంటే దేన్నయినా మార్చగల హక్కుతో, లోపలికి పోవాలంటే అక్కడే కూర్చోవాలి. మిగతా లైన్లేవీ నమ్మదగినవి కావని యంత్రానికి రాసిపెట్టింది ఐలీ. ఆ కన్సోల్ మీద ఆమె చెయ్యి తప్ప ఇంకో చెయ్యి పడేది కాదు.

ఇప్పుడు అన్ని పేచీలూ అయిపోయాయి. ఏ తెరా మొరాయించడం లేదు. ఐలీకి నిద్ర పట్టడం మానేసింది.

సరిగ్గా అప్పుడే డులూత్‌లోని ఓడల కంపెనీ ఒకటి కబురు పంపింది. సరస్సుల చుట్టూ ఉన్న రేవుల్లో ఖనిజం ఎత్తే చోటల్లా టెర్మినళ్లు పెట్టాలి. ఓడలోనే ఒక రేవు నుంచి ఇంకో రేవుకి పోతుండాలి. ఏ రేవులోనూ వారానికి మించి ఉండక్కర్లేదు. ఆ మాట విన్నప్పుడు ఐలీ గుండె చిన్నపిల్లలా గంతులేసింది. ఒకటే చిక్కు. ఆ కంపెనీ పెద్దా, బాల్సమ్ మేనేజరు నార్బ్ కెసెల్ ఒకే గుడిసె నుంచి జింకల వేటకెళ్లే స్నేహితులు. "నార్బ్ వదిలితేనే తీసుకుంటాం" అన్నారు.

నార్బ్ వదిలే రకం కాదు. వదలనని చెప్పే రకమూ కాదు.

"వెళ్లు ఐలీ, నేనెందుకు ఆపుతాను?" అన్నాడు. "రోజలీ ఒక్క పూట, కన్సోల్‌తో సహా అంతా తనే నడిపి చూపించనీ. నువ్వు చెయ్యి పెట్టకూడదు, మాట సాయం చెయ్యకూడదు. ఒక్క మాట అందించినా సరే, ఆ పిల్లకింకా రాలేదన్నమాట. అప్పుడు వసంతం దాకా చూద్దాం."

రోజలీ ట్రెవారో కాటా గుమాస్తా. లారీ లోడుతో వచ్చినప్పుడు ఒకసారి, దుంగలు దించి ఖాళీగా పోయేటప్పుడు ఒకసారి తూచి, రెంటికీ తేడా కట్టడం ఆమె పని. నిదానస్తురాలు. మేజోడు అల్లేటప్పుడు ఒక కుట్టు తప్పిందనిపిస్తే వరసంతా విప్పేసే మనిషి. గది దాటితే దీపం ఆర్పుతుంది, కుళాయి రెండుసార్లు చూస్తుంది. ఐలీకి అలాంటివాళ్లని చూస్తే నరాలు పీకుతాయి. నెల రోజులుగా ఆమెకి నేర్పుతోంది. నేర్పడమంటే, రోజలీ ఒక్క అక్షరం వెతుక్కునేలోగా ఐలీ చెయ్యి అడ్డంగా దూరి మొత్తం కొట్టేయడం.

"నువ్వు నేర్పట్లేదు, నేను చూస్తున్నానంతే" అంది రోజలీ ఒకసారి. "మా అత్త పియానో వాయిస్తుంటే కూడా చూసేదాన్ని. నాకు పియానో వచ్చిందా?"

జింకల వేట మొదలయ్యే ముందురోజు పెట్టాడు నార్బ్ ఆ పరీక్ష. కావాలనే పెట్టాడని ఐలీ అనుమానం. తెల్లారితే జిల్లా మొత్తం తుపాకులు పట్టుకుని అడవిలో ఉంటుంది. అందుకని ఆ పూట ప్రతి లారీవాడూ ఆఖరి లోడు దించేసి పోవాలని చూస్తాడు. గేటు బయట లారీలు రోడ్డు మలుపు దాకా నిలబడ్డాయి.

పొద్దున్న మొదటి పని రెండో గేటు దగ్గర కొత్త టెర్మినల్. యంత్రం దగ్గర లైన్ల జాబితా ఒకటి ఉంటుంది. ఏ లైన్, ఏ వేగం, ఏ జాతి తెర, తెరిచి ఉందా మూసి ఉందా, నమ్మదగిందా కాదా అన్నీ దానిలోనే. రోజలీ నాలుక పళ్ల మధ్య పెట్టుకుని ఆ కొత్త వరస రాసింది. రాసింది చదివింది. మళ్లీ చదివింది. వెనక నిలబడ్డ ఐలీ చెయ్యి దానంతటదే ముందుకొచ్చింది.

"చెయ్యి తియ్యి" అంది రోజలీ, తల తిప్పకుండానే.

జాబితా మళ్లీ చదువుకోమని యంత్రానికి చెప్పింది. రెండో గేటు నుంచి ఫోనొచ్చింది, తెర మీద పేరు అడుగుతోందని, అంటే లైన్ కుదిరిందని. పొయ్యి పక్కన నిలబడి చూస్తున్న నార్బ్ ఇంకో కట్టె లోపలికి తోశాడు.

ఇక మిగిలింది కన్సోల్. ఐలీ పోయాక వెనక గదిలో ఎవరూ కూర్చోరు. దాన్ని రోజలీ కిటికీ పక్కకి మార్చాలి. పొడుగు తీగ ముందే లాగి ఉంది. టెర్మినల్ ఎత్తి ఇటు తెచ్చి, తగిలిస్తే చాలు.

"నువ్వు బయటికెళ్లు ఐలీ" అన్నాడు నార్బ్. "నీ ఊపిరి చప్పుడు కూడా సాయంలాగే ఉంది."

ఆమె కోటు తగిలించుకుని, చేతులు జేబుల్లో కూరుకుని యార్డులోకి వచ్చింది. కాటా మీద లోడుతో క్లోవిస్ రసీన్ లారీ ఉంది. క్లోవిస్‌కి దుంగలు తోలడం ఎంత పాతో, ఐలీని ఏడిపించడం అంత సరదా.

"ఏంటమ్మా, గదిలోంచి గెంటేశారా?"

"గాలి కోసం వచ్చా."

"నిన్ను గాలే భరించలేదు, నువ్వు గాలి కోసం రావడమా. డులూత్ పోతున్నావటగా. ఓడ మీద నడవడానికి చోటుంటుందా? సముద్రంలో దూకి నడుస్తావా?"

"సముద్రం కాదు, సరస్సు."

"మునగడానికి రెండూ ఒకటే."

అతనింకా ఏదో అనబోయి కాటా కిటికీ పైనున్న అంకెల పలక వైపు చూశాడు. బరువు పడాల్సిన చోట ఏమీ పడలేదు. కాసేపు చూసి హారన్ కొట్టాడు. వెనక లారీ అందుకుంది. ఆ వెనకది కూడా. జీతాల గది కిటికీ తెరిచి బెర్నీస్ అరిచింది, తన తెర కొయ్యబారిందని. షెడ్డులోంచి ఒకడు చేతులూపుతూ బయటికొచ్చాడు.

"ఏంటమ్మా ఐలీ, మీ పెట్టె కూడా వేటకి పోయిందా?" అన్నాడు క్లోవిస్.

ఐలీ అప్పటికే కిటికీ దగ్గరుంది. లోపల రోజలీ కన్సోల్‌ని రెండు చేతుల మీద పసిబిడ్డలా మోసుకొస్తోంది. తెర నల్లగా ఉంది. ఎత్తే ముందు, జాగ్రత్త గల మనిషి కనుక, దాని స్విచ్చి ఆపింది.

ఐలీకి వెంటనే అర్థమైంది. ఆ యంత్రం తీరే అంత. కన్సోల్ తెర ఆరితే, తన యజమాని ఆగమని సైగ చేశాడనుకుని, ఎక్కడి పని అక్కడ వదిలేసి రాయిలా నిలబడిపోతుంది. ఈ తప్పు అజాగ్రత్త మనుషులు చెయ్యరు. వాళ్లు వెలుగుతున్న తెరని అలాగే ఎత్తుకుపోతారు. దీపం ఆర్పి గది దాటేవాళ్లే చేస్తారు. ఆ సంగతి ఐలీ చెప్పాలి. చెప్పలేదు. ఏనాడూ ఆ టెర్మినల్‌ని ఇంకొకరు ముట్టుకోనిస్తే కదా, చెప్పాలని తోచడానికి.

విరుగుడు చాలా చిన్నది. కన్సోల్ తగిలించి, సాగమని ఒక్క మాట కొట్టాలి. యంత్రం కలలోంచి లేచినట్టు లేచి, ఆపిన చోటునుంచే అందుకుంటుంది. కానీ ఆ మాట తెలియనివాళ్లు ఏం చేస్తారో ఐలీ చాలా ఊళ్లలో చూసింది. యంత్రం మొహాన ఉన్న ఎర్ర మీట నొక్కుతారు. అది నొక్కితే యంత్రం మొదటినుంచి లేస్తుంది, అప్పటిదాకా జ్ఞాపకంలో ఉన్నది తుడిచిపెట్టుకుపోతుంది. ఆ జ్ఞాపకంలో, పొద్దుటినుంచి లోపలికొచ్చి ఇంకా బయటికి పోని లారీల నిండు బరువులున్నాయి. వాటి దుంగలు అప్పటికే కుప్పలో కలిసిపోయాయి. ఎవరివి ఎన్నో ఇక దేవుడు కూడా తూచలేడు.

కన్సోల్ కొత్త చోట వెలిగింది. తలుపు సందులోంచి ఐలీకి మాటలు వినిపిస్తున్నాయి.

"ఇది నన్ను పేరు అడగట్లేదు" అంది రోజలీ. "చిన్న గుర్తొకటి పెట్టి ఊరుకుంది."

"ఆపి మళ్లీ పెడితే పోదూ?" అన్నాడు నార్బ్. "మా ఇంట్లో టీవీకి అదే మందు." అని, కిటికీలో ఐలీని చూసి అరిచాడు: "ఐలీ, నీ నోరు."

"నేనేం అనలేదు."

"అనకు."

రోజలీ లేచి వెనక గదిలోకి వెళ్లింది. తలుపు తెరిచే ఉంది. యంత్రం ముందు నిలబడి ఎర్ర మీట మీద వేలు పెట్టింది. నొక్కలేదు, పెట్టింది.

ఐలీ నోట్లో మాట తయారుగా ఉంది. చిన్న మాట. పలికితే ఈ లారీవాళ్ల పొద్దుటి కష్టమంతా కాపాడినట్టు. పలికితే వసంతం దాకా ఇక్కడే. వసంతం వచ్చాక నార్బ్ ఇంకో పరీక్ష పెడతాడు. అప్పటికి డులూత్‌వాళ్లు ఇంకెవరినో ఓడెక్కిస్తారు. తనకీ కిటికీ దగ్గర ఒక కుర్చీ వేస్తారు. జేబుల్లో ఆమె పిడికిళ్లు బిగుసుకున్నాయి. వెనకనించి హారన్లు. క్లోవిస్ కిందికి దిగి భుజం దగ్గరే నిలబడ్డాడు.

"వెళ్లి బాగుచెయ్యవేంటి తల్లీ? నీకు తెలుసుగా."

ఐలీ పెదవులు గట్టిగా మూసుకుని కిటికీలోకే చూసింది. రోజలీ ఒకసారి తలెత్తి, రెండు తలుపుల మీదుగా కిటికీలో ఆమె మొహం చూసింది. చూసి, మెల్లగా వేలు తీసేసింది.

"ఉండండి నార్బ్. ముందు దాన్నే అడుగుదాం."

వచ్చి కన్సోల్ ముందు కూర్చుంది. సాయం కావాలని కొట్టింది. ఆ చిన్న గుర్తుకి తెలిసిన మాటలన్నీ వరసగా తెర మీద పడ్డాయి. రోజలీ వాటిని అల్లిక పుస్తకం చదివినట్టు, వేలు కింద పెట్టుకుని, ఒక్కోటీ పెదవులు కదుపుతూ చదివింది. నార్బ్ రెండుసార్లు గడియారం చూశాడు. ఐలీ కాళ్లు మంచులో గుంట చేశాయి. రోజలీ చివరిదాకా చదివి, మళ్లీ పైకి వెళ్లి, మధ్యలో ఒకచోట ఆగింది.

"ఇదిగో, ఇది సాగిపొమ్మనడం. తక్కినవన్నీ మొదలుపెట్టడాలూ, వెతకడాలూ. మొదలుపెట్టడం నాకొద్దు" అని ఆ మాట కొట్టింది.

కిటికీ పక్క అచ్చు యంత్రం సగంలో ఆపిన వరస సగంలోంచే కొట్టడం మొదలుపెట్టింది. పలక మీద క్లోవిస్ లారీ బరువు వచ్చింది. బెర్నీస్ కిటికీ మూసుకుంది. రోజలీ గోడ గడియారం చూసి, తెర చూసి, యంత్రం గడియారం వెనకబడిందని గమనించి దాన్ని కూడా సరిచేసింది. ఆ చివరిది ఐలీకి కూడా వెంటనే తట్టలేదు.

నార్బ్ బయటికొచ్చి, మొహమంతా ఓటమి పెట్టుకునే, చెయ్యి చాపాడు. "డులూత్‌కి ఫోన్ చేస్తాలే. నువ్వలా నోరు కుట్టేసుకుని ఉండగలవని నేను కలలో కూడా అనుకోలేదు. పిల్లని తన కాళ్ల మీద నిలబెట్టావు."

"గురువంటే అలా ఉండాలి" అన్నాడు క్లోవిస్, నిజంగానే కరిగిపోయి. "మా నాన్న నాకు ఈత ఇలాగే నేర్పాడు. చూస్తూ నిలబడ్డాడు."

సాయంత్రానికి ఊరంతా ఇదే కథ చెప్పుకుంటుందని ఐలీకి తెలుసు. ఓర్పు, త్యాగం, శిష్యురాలి మీద నమ్మకం. చర్చిలో పాస్టరు కూడా వాడుకోవచ్చు. ఆమెకి ఆ చెయ్యి వదిలించుకోవాలనిపించింది.

తన కాఫీ కప్పు తీసుకోవడానికి లోపలికెళ్లింది. రోజలీ లారీ తూస్తూనే, తల తిప్పకుండా అడిగింది.

"కన్సోల్ ఆపితే ఇది ఆగిపోతుందని నీకు తెలుసు."

"తెలుసు. నీకు చెప్పడం మరిచిపోయాను. అది నా తప్పే."

"మరుపు వేరు. నా వేలు ఆ మీట మీద ఉన్నప్పుడు నువ్వేం మరిచిపోలేదు."

ఐలీ కప్పులో మిగిలిన చల్లారిన కాఫీ పారబోసింది.

"నొక్కుతాననే అనుకున్నావు" అంది రోజలీ. "నీ మొహం చూసే ఆగాను. గదిలో గ్యాసు వాసన వస్తే మా అమ్మ మొహం అలా అయ్యేది. కానీ నోరు మాత్రం తెరవలేదు నువ్వు."

"తెరిస్తే నేనిక్కడే ఉండిపోయేదాన్ని."

"ఆ కుప్పలో మా మరిది లోడుంది. క్లోవిస్ తోటివాళ్ల లోడ్లున్నాయి. ఆ ముసలాడు నిన్ను గురువు గురువని పొగుడుతున్నాడు అక్కడ."

"విన్నాను."

"చెప్తావా అతనికి?"

ఐలీ కప్పు కోటు జేబులో పెట్టుకుంది. రోజలీ లారీని పంపేసి, కుర్చీ కన్సోల్ వైపు లాక్కుంది. యజమాని పేరుతో లోపలికి వెళ్లింది.

"గోడవైపు తిరుగు."

ఈ పనివాళ్లలో ఒక మర్యాద ఉంది. యంత్రాన్ని అప్పగించి పోయేవాళ్లు, వచ్చేవాళ్లు కొత్త పాస్‌వర్డ్ కొట్టేటప్పుడు మొహం తిప్పుకోవాలి. ఐలీ చాలా ఊళ్లలో అలా గోడలు చూసింది. ఆ గోడలు చూస్తున్నప్పుడు ఆమెకి ఎప్పుడూ నవ్వొచ్చేది, సెలవుల గంట కొట్టినట్టుండేది. కానీ ఆ ఊళ్లన్నిట్లో రోజు తనే ఎంచుకునేది, కేకు తెప్పించేది, పోతూ పోతూ పాస్‌వర్డ్ మార్చుకోమని తనే గుర్తుచేసేది. పోలీసుల ముందు నిలబడ్డట్టు తిరగమని ఇంతవరకూ ఎవరూ అనలేదు. గోడ మీద ఎవరో తుడవడం మరిచిన గ్రీజు మరక ఉంది. వెనక మీటల చప్పుడు నిదానంగా, ఒక్కోటీ విడివిడిగా పడింది. పొడవైన మాటే పెట్టింది. అదే మాట రెండోసారి పడింది.

"అయింది" అంది రోజలీ. "ఇక నీకిక్కడ పని లేదు."

"షెడ్డు లైన్ వేగం పెంచకు. మోటార్ల వల్ల..."

"జాబితాలో ఉంది. చదువుకుంటాను."

"బెర్నీస్ తెర..."

"ఐలీ. లారీ వచ్చింది."

ఐలీ బట్టల పెట్టె పొద్దుటినుంచే కారులో ఉంది. కారెక్కి, గేటువైపు తిప్పింది. గేటుకి అడ్డంగా, ఖాళీ తూకం కోసం లారీలు ముక్కుకి తోక ఆనించి నిలబడ్డాయి. పక్కనుంచి పోవడానికి చోటు లేదు, ఇటూ అటూ నడుమెత్తు మంచు. క్లోవిస్ తన కిటికీలోంచి చెయ్యి ఊపాడు, ఆగు తల్లీ, ఆగు అన్నట్టు. కాటా గది అద్దం వెనక రోజలీ తల వంచి, రాసింది మళ్లీ చదువుతోంది. ఒక లారీ కదిలింది. తరవాతది కాటా ఎక్కింది. రోజలీ దాని బరువు చూసింది, చదివింది, ఇంకోసారి చదివింది. ఐలీ స్టీరింగు మీద వేళ్లు వాయిస్తూ, గేరు వేస్తూ, తీస్తూ, ఆ వరస వెనక కూర్చుంది.